సారు వాళ్ల కోళ్ల గూడు

మొన్న వికారాబాద్ నుంచి తాండూరుకు కారులో పోతున్నాం. నడిపేది మా తమ్ముడి కొడుకు. వెనుక సీట్లో వాడి భార్య, పిల్లలు, వాళ్ల నడుమ నేను, ఇరికించిన మూటలాగా. ధారూరు దాటాక రోడ్డు పక్కన పొడుగాటి కోళ్ల ఫారం ఒకటి వచ్చింది. అది కనబడక ముందే దాని వాసన వచ్చి మా మధ్యలో కూర్చుంది. "ఛీ ఛీ" అని అందరూ అద్దాలు ఎక్కించుకున్నారు. చిన్నపిల్ల ముక్కు మూసుకుని, నోటితో గాలి మింగుతూ, "నానమ్మా, కోళ్లు ఇంత కంపు కొడతాయా?" అంది.

"కోళ్లు కొట్టవు బిడ్డా, వాటిని సాకేటోళ్లు కొడతరు" అన్నాను.

అందరూ నవ్వారు. నేను ఏమన్నా నవ్వడం మా ఇంట్లో అలవాటైపోయింది. తద్దినం నాడు మాట్లాడినా నవ్వుతారు. కానీ అప్పుడు నేను నవ్వించడానికి అనలేదు. నాకు ఒళ్లు మండింది. తాండూరు వచ్చేదాకా మండుతూనే ఉంది. ఫారం వాడి మీద కాదు, వాడెవడో నాకు తెలియదు. నాకు కోపం ఉన్న మనిషి పోయి చాలా ఏళ్లైంది. మనిషి పోతే కోపం కూడా పోతుందని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకు సరైన కోపం ఎప్పుడూ వచ్చి ఉండదు.

మా ఊరు ధారూరుకు దగ్గర. రైలు కూత వినబడుతుంది, రైలు మాత్రం కనబడదు. మాది గొర్లు కాసే ఇల్లు. నాయిన ఏడాదిలో సగం గొర్ల వెంట అడవిలోనో, బషీరాబాద్ అవతల కన్నడం మాట్లాడే ఊళ్లలోనో ఉండేవాడు. తమ్ముడు ఇంకా పుట్టలేదు. ఇంట్లో ఉండేది అవ్వ, నేను, కోళ్లు. మా దగ్గర కన్నతల్లిని అవ్వ అంటాం.

ఇంటి వెనుక గూడు. మట్టి గోడలు, పైన జొన్నసొప్ప కప్పు, తలుపుకు బదులు తాండూరు బండ ముక్క ఒకటి. లోపల నేల మీద పొయ్యిలో బూడిద, బూడిద మీద నాలుగు వేళ్ల మందం కందిపొట్టు. కందిపొట్టు అంటే బర్రెలు లొట్టలు వేసుకుంటూ తినే సరుకు. దాన్ని కోళ్ల కింద పరిచినందుకు వాడకట్టంతా అవ్వను తిట్టేది.

"మాకు బర్రె లేదు. ఉన్నది కోళ్లే. బర్రెకు చేసే మర్యాద కోళ్లకు చేస్తున్న. నీకేమైంది?" అనేది అవ్వ.

పొద్దున లేవగానే బండ జరపడం నా పని. కోళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బయటికి ఉరికేవి. లోపలి నుంచి వెచ్చటి ఆవిరి వచ్చి మొహానికి తగిలేది. కంపు కాదు. బూడిద, పొట్టు, ఈకలు, అన్నీ కలిసిన ఒక వేడి వాసన. నేను తల లోపల పెట్టి, కట్టెతో పొట్టును తిరగేసి, ఎక్కడైనా తడి ముద్ద కట్టి ఉంటే ఏరి బయట వేసి, పైన గుప్పెడు బూడిద చల్లేదాన్ని. అమావాస్యకు ఒకసారి పరుపంతా ఎత్తి కొత్తది వేసేవాళ్లం. పేలు పడకుండా మూలల్లో వావిలాకు. ఎత్తిన పాత పొట్టు, పెంటతో సహా, గూటి పక్క గుంతలో పోసి పైన మన్ను కప్పేవాళ్లం. ఎండాకాలం వచ్చేసరికి అది నల్లగా, మెత్తగా, నశ్యం పొడిలాగా అయ్యేది.

నిజంగానే నశ్యం లాగా ఉండేది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా "జర నశ్యం ఉన్నదా?" అని అడిగే ముసలాయన ఒకడుండేవాడు. మా ఇంట్లో నశ్యం పీల్చేవాళ్లు ఎవరూ లేరని తెలిసి కూడా అడిగేవాడు. ఒకరోజు గుంతలోంచి చిటికెడు తీసి, మోదుగాకులో పెట్టి ఇచ్చాను. పీల్చాడు. తుమ్మాడు. కండ్లు తుడుచుకుని, "మంచి ఘాటున్నది బిడ్డా, ఏ దుకాణంది?" అన్నాడు. పిన్ని వరసన మేము ఖాలా అని పిలిచే పక్కింటామె ఆ మాట విని దడి పట్టుకుని కింద కూలబడి నవ్వింది. ఖాలా వాడకట్టులో గుడ్లన్నీ పోగు చేసి, గంపలో కందిపొట్టు నడుమ పేర్చుకుని, పాసింజర్ బండిలో తాండూరు బజారుకు తీసుకుపోయి అమ్మేది. "బేటీ, నీ నోటికి తాళం లేదు, నీ చేతికి కూడ లేదు" అనేది నన్ను. తిట్టిందో మెచ్చుకుందో ఇప్పటికీ తెలియదు.

ఆ నల్లటి పొడి అంతా అవ్వ మిరప మడికి పోయేది. ఇంటి వెనుక బావి పక్కన రెండు చాపలు పరిచినంత జాగా. కానీ ఏడాదంతా మా ఇంటి కారం అందులోంచే వచ్చేది. జొన్నరొట్టె కాల్చి, దాని మీద పచ్చి నూనె చుక్కేసి, రోట్లో నూరిన ఎండుకారం అద్దుకుని తింటే అదే పొద్దుటి తిండి, అదే రాత్రి తిండి. కూర చాలా రోజులు ఉండేది కాదు. కారం లేని రోజు ఉండేది కాదు. మా కోళ్ల పెంట ఒక్కటే ఆ మడికి చాలేది కాదు. అందుకని అవ్వ వేరే ఇండ్ల గూళ్లు కూడా ఊడ్చేది.

ఆ ఊడ్వడానికి మా ఊళ్లో ఒక కట్టు ఉండేది. ఎవరి గూడైనా, ఊడ్చిన వాళ్లకే పెంట. కోళ్లు ఇంటి వాళ్లవి, గుడ్లు ఇంటి వాళ్లవి, కింద పడింది మాత్రం చీపురు పట్టిన దానిది. పటేల్ ఇంటి గూడైనా అంతే. కూలి అడగరు, ఇవ్వరు. ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ తప్పలేదు. తప్పిన మొదటి మనిషికే ఊళ్లో అందరికంటే ఎక్కువ చదువు వచ్చు.

అప్పుడు బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన కొత్త. పాత సారు పోయి కొత్త సారు వచ్చాడు. భార్య, ఒక ట్రంకు పెట్టె, గోడ గడియారం, గంపలో కోళ్లు. బడి వెనకాలే ఇల్లు ఇచ్చారు. ఆడపిల్లలు బడికి పోవడం మా ఊళ్లో అప్పటికి పెద్దగా లేదు. నన్ను పంపింది అవ్వ. దానికి కారణం ఒక రైలు.

అంతకు ముందు ఏడాది నాకు జ్వరం ముదిరితే, అవ్వ నన్ను భుజాన వేసుకుని వికారాబాద్ దవాఖానకు బయలుదేరింది. ధారూరు స్టేషన్లో ఎదురుగా వచ్చిన బండి ఎక్కింది. దిగేసరికి తాండూరు. ఆ బండి వచ్చింది వికారాబాద్ నుంచే. మధ్యలో ప్రతి స్టేషన్లో బోర్డు ఉంది, అవ్వకు చదవరాదు, అడగడానికి సిగ్గుపడింది. నేను ఆమె భుజం మీద కాలిపోతున్నాను. తాండూరులో ఎవరో పుణ్యాత్ములు ఒక వైద్యుడి ఇల్లు చూపిస్తే బతికాను. ఇంటికి వచ్చాక అవ్వ ఒక్కటే మాట అంది: "నువ్వు చదవాలె బిడ్డా. బోర్డన్న చదవాలె."

బడిలో మొదటి రోజు సారు నిలబడి అడిగాడు: "మీలో కోళ్ల గూడు మంచిగ ఊడ్వ వచ్చినోళ్లు ఎవరు?"

నేను చెయ్యి ఎత్తాను. గర్వంగా ఎత్తాను. చదువుల తల్లి ముందు నేను చెప్పిన మొదటి జవాబు అదే.

"మంచిది. రేపటి సంది బడికన్న ముందు మా గూడు ఊడ్చిపో."

ఇంటికి ఉరికి అవ్వకు చెప్పాను. అవ్వ మొహం రొట్టె పొంగినట్టు పొంగింది. "సారు కండ్లల్ల పడ్డవు. పెంట మన మడికొస్తది, చదువు నీకొస్తది. ఇంకేం గావాలె?" అంది. ఖాలా మాత్రం దడి అవతల నుంచి, "చదువుకు పంపినవా, పొరకకు పంపినవా?" అంది. అవ్వ వినిపించుకోలేదు.

సారు వాళ్ల గూడు చూస్తే మీరు కూడా మెచ్చుకునేవాళ్లు. ఇంటికి పరచగా మిగిలిన తాండూరు బండలతో కింద నున్నగా నేల. సారు భార్యకు శుభ్రం ఎక్కువ. బండలు కదా అని రోజూ బిందెడు నీళ్లు కొట్టేది. ఆ నీళ్లు పోవడానికి దారి లేదు. పెంట, నీళ్లు కలిసి మూలల్లో పచ్చటి జావ అయ్యేది. లోపల తల పెడితే కండ్లలోంచి నీళ్లు కారేవి. కోళ్లు పాపం కాళ్లు ఎత్తెత్తి వేసేవి, వానాకాలం చెప్పులు పోయిన మనుషుల్లాగా.

"అమ్మా, నీళ్లు పోయకుండ్రి. బూడిద చల్లి పొట్టు ఎయ్యాలె" అన్నాను.

"పొట్టు మేం కొత్తగ కొన్న బర్రెకే చాల్తలేదు. నీ పని నువ్వు చూస్కో" అంది.

సరే అని, మా ఇంటి నుంచే బూడిద, పొట్టు గంపలో పెట్టుకుని నెత్తి మీద మోసుకుపోయేదాన్ని. నేను పొద్దున పొట్టు పరిచి వస్తే, ఆమె మధ్యాహ్నం నీళ్లు కొట్టేది. మళ్లీ నేను ఎత్తి, మళ్లీ పరిచేదాన్ని. ఆమె బిందెకూ నా గంపకూ ఆ ఏడాదంతా పోరాటం. కోళ్లు ఎవరి పక్షమో చెప్పనక్కర లేదు.

ఎంత కడుక్కున్నా ఆ జావ వాసన నా లంగాకు పట్టేది. ఒక రోజు సారు పాఠం ఆపి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందిది వాసన? నువ్వు లేచి దర్వాజ కాడ కూసో."

"ఏం వాసన సారూ?"

"కోడి పెంట వాసన."

"మా కోళ్ల పెంటకు వాసన ఉండదు సారూ. ఇది మీ ఇంటిదే."

పిల్లలంతా గొల్లుమన్నారు. సారు నా చెవి పట్టి మెలేసి దర్వాజ దగ్గర పడేశాడు. చెవి మండింది కానీ, అంత నవ్వు పుట్టించానన్న సంబరంలో అది తెలియలేదు. ఆ రోజు నుంచి నా జాగా అదే. వాన పడితే జల్లు నా మీద, ఎండ కొడితే ఎండ నా మీద. పిల్లలు నన్ను చూసి "కొక్కొరొకో" అని కూసేవాళ్లు.

"కూయుండ్రి, కూయుండ్రి. మీరు ఎంత కూసినా గుడ్డు పెట్టలేరు" అనేదాన్ని.

వాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు. తన ఇంటి పెంట నాతో ఎత్తించి, తన ఇంటి పెంట వాసన వస్తున్నదని నన్ను అవతల కూర్చోబెట్టిన మనిషి, ఆ తర్వాత బోర్డు వైపు తిరిగి మాకు "అందరూ సమానమే" అన్న పాఠం చెప్పాడు. నేను దర్వాజ దగ్గర కూర్చుని, మిగతా వాళ్లతో కలిసి గట్టిగా వల్లించాను. గొంతు నాదే అందరికంటే పెద్దది.

అయినా చదువు వచ్చింది. దసరా వెళ్లాక అవ్వ ఒకరోజు నన్ను ధారూరు స్టేషన్‌కు తీసుకుపోయింది. బండి ఎక్కడానికి కాదు. బోర్డు కింద నిలబెట్టి, "చదువు" అంది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని ఊరి పేరు చదివాను. అవ్వ అక్కడ కూర్చున్న ముసలివాళ్లను, మూటలు మోసేవాళ్లను, చాయ్ అమ్మేవాణ్ణి, అందరినీ ఒకసారి చూసింది. ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు. అయినా అవ్వ చీర కొంగు సర్దుకుని, పెళ్లిలో ముందు వరసలో నడిచినట్టు నడిచింది. దారిలో వేయించిన పల్లీలు కొనిపెట్టింది. ఇద్దరం పొట్టు ఊదుకుంటూ ఇల్లు చేరాం.

సారు ఇంటి వెనుక గుంతలో పెంట పెరుగుతూ వచ్చింది. ఎండాకాలానికి మా గుంత కంటే పెద్దది అయింది. దాన్నే నమ్ముకుని అవ్వ ఆ ఏడాది వేరే ఇండ్ల గూళ్లు ఊడ్వలేదు. అవ్వ అప్పుడప్పుడు వచ్చి, పైమన్ను జరిపి, గుప్పెడు తీసి నలిపి చూసుకునేది. "మిరుగం ముందర ఎత్తుకపోదాం. ఈసారి మడి ఇంక జర పెంచుత" అనేది. మిరుగం అంటే తొలి వానల కార్తె. మడి పెంచడానికి ఆమె బావి పక్కన రాళ్లు ఏరి, మట్టి గుల్ల చేసి పెట్టుకుంది కూడా.

మిరుగం ముందు అవ్వ, నేను చెరొక గంప పట్టుకుని పోయాం. గుంత దగ్గర పటేల్ బండి ఆగి ఉంది. పటేల్ జీతగాడు పారతో పెంట ఎత్తి బండిలో పోస్తున్నాడు. సారు చేతులు వెనక్కి కట్టుకుని, పాఠం చెప్పేటప్పుడు నిలబడినట్టే నిలబడి చూస్తున్నాడు. బడి పిల్లలు కొందరు చుట్టూ చేరారు.

"సారూ, గిదేంది? ఇది మా పిల్ల ఊడ్చిన పెంట" అంది అవ్వ.

"కోళ్లెవరివి?"

"మీవే సారూ."

"గూడెవరిది?"

"మీదే."

"మరి పెంట నీదెట్లయితది?"

"ఊడ్చినోళ్లకే ఇస్తరు సారూ. మా ఊరి కట్టు. పొట్టు గూడ మాదే, బూడిద గూడ మాదే. ఏడాది సంది పిల్ల నెత్తిన మోసింది."

"మీ ఊరి కట్లు నాకు చెప్పకు. పటేలుకు మాటిచ్చిన. నీ బిడ్డకు చదువు చెప్తలేనా? అదెక్కడికి పోయింది?"

చదువు మాట ఎత్తితే ఆమెకు నోరు పెగలదని ఆయనకు తెలుసు. నాకు మాత్రం పెగిలింది.

"అందరికి చెప్తున్నరు గద సారూ. మరి అందరు ఊడ్వలేదు గద" అన్నాను.

పిల్లల్లో ఒకడు నవ్వాడు. పటేల్ జీతగాడు కూడా పార ఆపి పక్కకు తిరిగి నవ్వాడు. ఆ నవ్వే నా కొంప ముంచింది. సారు చెయ్యి నా చెంప మీద పడింది. పడిన శబ్దానికి గూటిలో కోళ్లు లేచాయి.

"ఈ నోటికి బడి లేదు. రేపటి సంది రాకు."

ఇక అప్పుడు అవ్వ చేసిన పని. నన్ను కొట్టినందుకు ఆయన మీదికి పోతుందనుకున్నాను. గంప కింద పెట్టి, వంగి, ఆయన కాళ్ల దగ్గర నేల తాకింది. "పెంట తీస్కపోండ్రి సారూ. అంతా తీస్కపోండ్రి. పొట్టు గూడ. పిల్లను మాత్రం బడిల ఉండనియ్యుండ్రి. దర్వాజ అవతలైనా సరే" అంది.

"చూద్దాం. సెలవులయినంక చూద్దాం" అన్నాడు సారు.

బండి పోయింది. మా ఇంటి కందిపొట్టు, మా పొయ్యి బూడిద, నా ఏడాది పొద్దులు, అన్నీ పటేల్ తోటకు పోయాయి. ఆ వానాకాలం మా మిరప చెట్లు జానెడు ఎత్తు లేచి, పసుపు రంగుకు తిరిగి, అలాగే నిలబడ్డాయి. అవ్వ గుల్ల చేసుకున్న కొత్త నేల మీద గడ్డి మొలిచింది. ఆ ఏడాది రొట్టెను ఉప్పులో అద్దుకుని తిన్నాం.

సెలవులైపోయి బడి తెరిచారు. అవ్వ నా తలకు నూనె రాసి బిగించి జడ వేసింది. గూటిలోకి పోయి, ఉన్నవాటిలో మంచిది, ఎర్రటి పెట్టను పట్టుకుని కాళ్లకు గుడ్డపేలిక కట్టింది. ఆ పెట్ట గుడ్డు పెట్టిందంటే వాడకట్టుకంతా చాటేది. దాని గుడ్లకు ఖాలా తాండూరులో వేరే గిరాకీ పెట్టుకుంది.

అవ్వ తన వాకిట్లోకి తెచ్చి ఇచ్చిన పెట్టను సారు చేతిలోకి తీసుకుని, రెక్క ఎత్తి చూసి, బరువు చూశాడు. నా వైపు చూడలేదు.

"గూట్ల ఎయ్యి" అన్నాడు భార్యతో.

"బడి సారూ?" అంది అవ్వ.

"చూద్దాం తీ. బుద్ధి వచ్చినంక చూద్దాం."

పెట్ట అప్పటికప్పుడే లోపలికి పోయింది. నేను మాత్రం ఇంకా చూడబడుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చే దారిలో అవ్వను వెనుక వదిలేసి నడిచాను. నాకు అంత కోపం అంతకు ముందు తెలియదు.

కొన్ని రోజుల తర్వాత ఒక సాయంత్రం నేను బండ మూయబోతుంటే, వాడకట్టు మలుపులో ఎర్రటి పెట్ట కనబడింది. కాళ్లకు పచ్చటి జావ ఎండి గట్టిపడి ఉంది. చుట్టాల ఇంట్లో అవమానం జరిగి తిరిగొచ్చిన పెద్దమనిషిలాగా, ఎవరి వైపూ చూడకుండా నడుచుకుంటూ వచ్చి, మా గూట్లో దూరి, పొట్టు రెండు కాళ్లతో ఎగజిమ్మి అందులో కూర్చుంది.

ఖాలా దడి మీద నుంచి చూసి, "అల్లా! ఇది గూడ బడి ఇడిసిపెట్టి వచ్చింది బేటీ!" అంది.

చాలా రోజుల తర్వాత అప్పుడే నేను నవ్వాను.

తెల్లారి సారు భార్య వచ్చింది. దడి అవతలే నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మా దగ్గర ఏ వాసనా లేదు, అయినా పెట్టుకుంది.

"మా కోడి ఇటు వచ్చిందంట."

"వచ్చింది" అంది అవ్వ.

"పట్టియ్యి మరి. ఇంకోటి, సారు చెప్పమన్నడు. బడి సంగతి తర్వాత చూద్దామన్నడు. రేపటి సంది పిల్లనైతే పొద్దుగాల గూడు ఊడ్వనీకి తోలు. వాసనకు ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు."

అవ్వ జొన్నలు చెరుగుతోంది. చాట ఆగింది. సారు కాళ్ల ముందు వంగిన అవ్వ, పెట్టను తన చేతులతో కట్టి ఇచ్చిన అవ్వ, ఇప్పుడూ వంగుతుందని నేను పళ్లు బిగపట్టి చూస్తున్నాను. అవ్వ చాట పక్కన పెట్టి, లేచి, దడి దాకా పోయింది.

"కోడిని ఇయ్య. పిల్లను తోల."

"అట్లనా? చదువు వద్దా మరి నీ బిడ్డకు?"

"గావాలె. మీకాడ దొరుకుతలేదు."

సారు భార్య కొంగు ముక్కు మీద నుంచి జారిపోయిన సంగతి కూడా చూసుకోకుండా వెనక్కి తిరిగింది. నాకు ఆనందం ఆగలేదు. ఆమె వీపు వెనుక రెండు చేతులు రెక్కల్లాగా ఆడిస్తూ, "కొక్కొరొకో" అని కూసి, వాకిలి అంతా గంతులు వేశాను. ఖాలా కూడా చప్పట్లు కొట్టింది.

అవ్వ వచ్చి నన్ను కొట్టింది. వీపు మీద, భుజం మీద, ఎక్కడ పడితే అక్కడ.

"నవ్వుతున్నవా? ఏం గెలిచినమని నవ్వుతున్నవే? నీ బడి పోయింది. కోడి మిగిలింది మనకు. కోడి!"

కొట్టి కొట్టి, చెయ్యి ఆపి, అక్కడే గూటి పక్కన కూలబడింది. ఏడవలేదు. పొట్టు అంటిన చేతులు ఒళ్లో పెట్టుకుని గూటి వైపు చూస్తూ కూర్చుంది. ఖాలా చప్పట్లు ఆపి, మెల్లగా దడి దగ్గర నుంచి తప్పుకుంది. నేను వాకిలి మధ్యలో రెక్కలు అలాగే ఎత్తిపట్టుకుని నిలబడిపోయాను. దించాలని తోచలేదు.

ఆ దెబ్బల మీద నాకు ఏ రోజూ కోపం రాలేదు. ఆ రోజు జరిగింది ఏమిటో మా ముగ్గురిలో తెలిసింది ఆమె ఒక్కదానికే.

చలికాలంలో నాయిన తిరిగి వచ్చాడు. సంగతి విని కాసేపు చుట్ట తాగి, "సరే, గొర్ల వెంట రా" అన్నాడు. అంతే. గొర్లు మేతకు పోయే బాట బడి వెనుక నుంచే. పొద్దున మేము అటు పోయే వేళకు లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తుండేవాళ్లు. నేను గోడ పక్కన కట్టె పట్టుకుని నడుస్తూ, వాళ్లకంటే గట్టిగా వల్లించేదాన్ని. లోపల పిల్లలకు నా గొంతు తెలుసు, కిసుక్కున నవ్వేవాళ్లు. సారుకూ తెలుసు, ఒక్కసారి కూడా బయటికి రాలేదు. గోడ పొడుగునా నేను వల్లిస్తూ పోయేదాన్ని, వాళ్లు నాకు రాని ఎక్కం మొదలుపెట్టేదాకా. అది మొదలుపెట్టగానే నా నోరు ఆగిపోయేది. గొర్లు ఆగేవి కావు.

తర్వాత తమ్ముడు పుట్టి, బడికి పోయాడు. వాడి పుస్తకాలు వాడికంటే ముందు నేనే చదివేశాను. కాగితం ముక్క దొరికితే చదివాను, పల్లీలు కట్టిన పొట్లం విప్పి చదివాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఆ ఎక్కం మాత్రం నేర్చుకోలేదు. మా తమ్ముడు నేర్పుతానన్నాడు, వాడి కొడుకు నేర్పుతానన్నాడు, వాడి చిన్నపిల్ల కూడా మొన్న వేళ్లు ముడుస్తూ "చాలా ఈజీ నానమ్మా" అంది. నేను ఏదో ఒక జోకు వేసి తప్పించుకుంటాను. వాళ్ల మీద కోపపడితే బాగుండదు. కానీ అది వాళ్లు నేర్పవలసింది కాదు. నాకు అది ఆ బడిలో రావలసింది.